గండిపేట నీటికి దిక్కెవరు? – ముఖ్యమంత్రిగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రివర్యులును, పురపాలక శాఖను సైతము స్వయముగా నిర్వహించుచున్నవారును అగు శ్రీ ఎనుముల రేవంత్‌రెడ్డి గారి సముఖమునకు, అమీర్‌పేట నివాసియగు ఒక పౌరుడు నమస్కారపూర్వకముగా వ్రాసికొను విజ్ఞప్తి.

ఆర్యా,

2025 నవంబరు 25వ తేదీన తమ మంత్రివర్గము గైకొన్న నిర్ణయము చొప్పున, ఔటర్ రింగు రోడ్డునకు లోపలను, దాని నానుకొనియు నున్న 20 పురపాలక సంఘములును 7 నగరపాలక సంస్థలును, వెరసి 27 స్థానిక సంస్థలు, డిసెంబరు మొదటి వారముననే హైదరాబాదు మహానగరపాలక సంస్థలో లీనమైనవి. 650 చదరపు కిలోమీటర్ల నగరము 2,000 చదరపు కిలోమీటర్లు దాటినది. 150 వార్డులు 300 అయినవి. ఆరు జోన్లు పండ్రెండును, ముప్పది సర్కిళ్ళు అరువదియు నైనవి. పిదప వార్డుల ముసాయిదా వెలువడినది; అభ్యంతరములు కోరబడినవి; నగరమున నాలుగు వీథులు కలియు ప్రతి చోటను ఏ కాలనీ ఏ వార్డునకు పోయినది, ఏ నాయకునికి ఏ స్థానము చేజారినది అను చర్చ సాగినది. ఇంత చర్చలోను, ఆ క్రొత్త గీతలకు ఏ వైపున పడిన వాన ఏ చెరువునకు చేరునో అడిగినవానిని నేను చూడలేదు. ఆ ప్రశ్నను అడుగుటకే ఈ లేఖ.

నగరము పెరుగరాదని వాదించు ఉద్దేశము నాకు లేదు. 1933లో చాదర్‌ఘాట్ పురపాలక సంఘమును తనలో కలుపుకొన్న హైదరాబాదు, 1960లో సికిందరాబాదును కలుపుకొన్నది; 2007 ఏప్రిల్ 16వ తేదీన కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఎల్బీనగర్, రాజేంద్రనగర్ మున్నగు 12 పురపాలికలను కలుపుకొని మహానగరమైనది. చుట్టునున్న ఊళ్ళను తనలో చేర్చుకొనుట ఈ నగరమునకు క్రొత్త గాదు, వ్రాయుచున్న నేను నివసించు పేటయే అట్లు చేరినది. కావున విలీనమును విలీనమైనంత మాత్రమున నేను దూషింపను. ఆయా కాలములయందు చేరిన ఊళ్ళు ఏమి తెచ్చినవి, ఏమి పోగొట్టుకొన్నవి అను లెక్క మాత్రము ఎవరైనను ఒకసారి తీయవలసియున్నది.

ఆ లెక్క తీయుటకు అమీర్‌పేటకంటె తగిన చోటు అరుదు. నేడు ఇచ్చట రెండు మెట్రో మార్గములు ఒకదానిపై నొకటి కలియుచున్నవి; మైత్రీవనము చుట్టును కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులు ఆకాశమును కనబడనీయవు; జిల్లాలనుండి వచ్చిన పిల్లలు హాస్టళ్ళలో ఇరుకుగా వసించి మెస్సులలో భుజించి ఉద్యోగములకై చదువుచున్నారు. ఐనను బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయి చూచినవారికి ఈ నేల పూర్వము ఎట్టిదో తెలియును. అచ్చటి అమ్మవారు ఎత్తైన పీఠముపై గాక, భూమట్టమునకు పదియడుగుల లోతున, బావిలో వెలసియున్నది. పొలమున బావి త్రవ్వుచున్న రైతునకు విగ్రహము కనబడినదని పెద్దలు చెప్పుదురు. అచ్చట ఊరు జలమునే భక్తులు తీర్థముగా గైకొందురు. ఆషాఢమున కల్యాణమునాడు లక్షలాది జనులు వచ్చి దర్శించు ఆ దేవత, ఇది పొలములును మోటబావులును కల పల్లెయని సాక్ష్యమిచ్చుచున్నది. ఆ పొలములు పోయినవి. ఆ బావులు పూడినవి. హుసేన్‌సాగరమునకు నీరు తెచ్చిన కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ వాగులు నేడు నాలాలను పేరుతో మురుగును మోయుచున్నవి. గట్టివాన ఒక గంట కురిసినచో మైత్రీవనము కూడలిలో నీరు నిలుచును; ఆ నీరు తన పూర్వపు దారిని వెదకుకొనుచున్నదేగాని దారి తప్పి వచ్చినది కాదు. పంజగుట్టకు పడమర నున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము మాత్రము చట్టరక్షణ వలన మిగిలినది. దాని చుట్టును ఉండవలసిన పర్యావరణ రక్షణవలయము సైతము 2020లో ఖాయమగునప్పటికి కొన్ని చోట్ల మూడు మీటర్ల వెడల్పునకు కుదించుకొనిపోయినది. మూడు మీటర్లనగా మా వీథిలో ఒక కారు నిలుపుకొనుటకు చాలునంత.

నగరము తనలో చేరిన పల్లెలకు రోడ్లను, దీపములను, కుళాయిలను ఇచ్చినమాట నిజము. ఆ పల్లెలయందలి జలమునకు మాత్రము నగరము ఏ కాలమునను మంచి కాపరి కాలేదు. 2025 సెప్టెంబరులో తాము అంబర్‌పేటలోని బతుకమ్మకుంటను పునరుద్ధరించి ప్రజలకు అంకితము చేసినారు. అది అభినందనీయమైన కార్యము. మట్టితో పూడి, కాగితములపై వివాదముగా మిగిలిన ఒక్క కుంటను తిరిగి కుంటగా చేయుటకు ఎన్ని న్యాయస్థానములు, ఎన్ని యంత్రములు, ఎంత పట్టుదల కావలసివచ్చినదో తమకంటె ఎరిగినవారు లేరు. 

ఇక అసలు విషయమునకు వత్తును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది ఉప్పొంగి ఈ నగరమును ముంచి వేలాది ప్రాణములను హరించినపిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి మూసీపై గండిపేటవద్ద ఉస్మాన్‌సాగరమును, ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మింపబడినవి. మొదటిది 1920 నాటికిని రెండవది 1927 నాటికిని పూర్తియైనవి. వరదను ఆపుటకును, ఆపిన నీటిని త్రాగుటకును ఒకే కట్ట చాలునట్లు చేసిన ఆ యోచన ఎంత దూరదృష్టి గలదో, ఆ నీరు విద్యుచ్ఛక్తి లేకయే పల్లమునకు ప్రవహించి నగరమునకు చేరుచున్న సంగతిని తలచినవారికి తెలియును. కృష్ణాజలమును, గోదావరీజలమును నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి పంపులతో ఎత్తి తెచ్చుకొను ఈ కాలమున, ఆ విశేషము మరింత విలువైనది.

ఆ రెండు జలాశయములకు నీరు తెచ్చు నేలయే వాటి ప్రాణము. దానిని గుర్తించియే 1996 మార్చి 8వ తేదీన అప్పటి ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువును వెలువరించినది. జనులు దానిని ‘ట్రిపుల్ వన్’ అందురు. జలాశయముల పూర్తి నీటిమట్టమునుండి పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకర పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను అది నిషేధించినది; లేఅవుట్లయందు నూటికి 60 వంతుల నేల ఖాళీగను రహదారులుగను ఉండవలయునన్నది; 84 గ్రామములు ఆ రక్షణలోనికి వచ్చినవి. శంషాబాదు మండలమున పెద్దషాపూరువద్ద ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వమే ఆ నిబంధననుండి మినహాయింపు నొసగగా, వివాదము సుప్రీంకోర్టునకు పోయినది. 2000 డిసెంబరు 1వ తేదీన తీర్పు చెప్పిన ధర్మాసనమునందు ప్రధానముగా లేఖిని పట్టినవారు తెలుగువారగు జస్టిస్ ఎం. జగన్నాథరావుగారు; లక్షలాది జనులు త్రాగు నీటికి అపాయము కలుగవచ్చునన్నప్పుడు ప్రభుత్వము సైతము మినహాయింపు లొసగజాలదని ఆ తీర్పు తేల్చినది. హానిలేదని నిరూపించు భారము పరిశ్రమపై నుండునని అదే వివాదమున 1999లో చెప్పిన తొలి తీర్పుతో కలిసి ఆ తీర్పు భారతదేశపు పర్యావరణ న్యాయమునకే ఒక మూలస్తంభమైనది. ఆ స్తంభము నిలిచిన నేల ఈ జలాశయముల నేల.

ఐనను ఉత్తరువు ఉత్తరువే, చట్టము చట్టమే. శాసనసభ చేసిన చట్టమును శాసనసభయే మార్చవలయును, సచివాలయమున వెలువడిన ఉత్తరువును సచివాలయమున మరియొక ఉత్తరువు మాపివేయగలదు. 2022 ఏప్రిల్ 12న వెలువడిన 69వ నంబరు ఉత్తరువు, జలాశయముల నీటి నాణ్యత చెడకుండు షరతుపై, 111లోని ఆంక్షలను తొలగించుచున్నట్లు చెప్పినది. 2023 మే 18న అప్పటి మంత్రివర్గము 111ను సమూలముగా రద్దుచేయ నిశ్చయించినట్లు ప్రకటించినది. ఆ ప్రకటనలు వెలువడిన దినముననే మొయినాబాదు మార్గమున భూముల ధరలు ఎట్లు లేచినవో అందరు చూచినారు. ఇట్లు ఒక్క కాగితమునకును మరియొక్క కాగితమునకును నడుమ 84 గ్రామములు వ్రేలాడుచుండగా, ఇప్పుడీ పాలనా పునర్వ్యవస్థ వచ్చిపడినది.

అది వచ్చిన తీరును కొంచెము నిదానముగా గమనింపుడని ప్రార్థించుచున్నాను. రాష్ట్రమున గ్రామపంచాయతీల పదవీకాలము 2024 ఫిబ్రవరి ఆరంభమున ముగిసినది, ప్రత్యేకాధికారులు వచ్చినారు. ఆ సర్పంచులు లేని కాలముననే, 2024 సెప్టెంబరులో, ఔటర్ రింగు రోడ్డు లోపలి 51 గ్రామపంచాయతీలను ఆర్డినెన్సు ద్వారా సమీప పురపాలికలలో కలిపినారు. పెద్ద గోల్కొండ, చిన్న గోల్కొండ వంటి పల్లెలు శంషాబాదు పురపాలికలో చేరినవి. మరి నాలుగు మాసములకు, 2025 జనవరిలో, పురపాలికల పదవీకాలమును ముగిసినది. అక్కడికిని ప్రత్యేకాధికారులే వచ్చినారు. ఆ కౌన్సిలర్లు లేని కాలముననే ఆ పురపాలికలను మహానగరమున కలిపినారు. పంచాయతీ పురపాలికయగునపుడు సర్పంచు లేడు. పురపాలిక మహానగరమగునపుడు చైర్మను లేడు. పదునైదు మాసములలో మూడు రాజ్యములను చూచిన ఆ గ్రామస్థునకు, నడుమ ఒక్కసారియు చేయెత్తి ‘ఔను’ అనుటకో ‘కాదు’ అనుటకో అవకాశము కలుగలేదు. ఎవరో పన్నుగడ పన్నిరని నేననుట లేదు. కాలము అట్లు కలిసివచ్చినది కాబోలును. కాని ప్రజాప్రతినిధులు లేని వేళయే ప్రతిసారియు సరిహద్దులు మార్చుటకు సుముహూర్తమగుట కాకతాళీయమేయైనను చూచువారికి ఇంపుగ నుండదు.

2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో రాష్ట్రమంతట గ్రామపంచాయతీ ఎన్నికలు జరిగినవి. ఔటర్ రింగు రహదారికి ఆవల నున్న పల్లెలలో జనులు వరుసలు తీరి నిలిచి సర్పంచులను ఎన్నుకొన్నారు. రహదారికి ఈవల నున్న పల్లెలలో అదే దినములలో ఎవరికి ఎవరు ఏలికయో తెలియని నిశ్శబ్దము. వారికి గ్రామసభ పోయినది. ఉపాధిహామీ పనులు పోయినవి, ఏలయన అవి గ్రామీణ కుటుంబములకే వర్తించును. రాజ్యాంగము యొక్క పదునొకండవ అనుసూచిలో పంచాయతీలకు చెప్పిన విషయములలో చిన్ననీటి వనరుల నిర్వహణయు, పరీవాహక ప్రాంతాభివృద్ధియు స్పష్టముగా నున్నవి. పండ్రెండవ అనుసూచిలో పురపాలికలకు చెప్పిన వాటిలో పర్యావరణ పరిరక్షణ అను మాట కలదుగాని, చెరువునకు నీరు తెచ్చు కాలువను వెదకి చూచు బాధ్యత అంత సూటిగా లేదు. రెండును అమలునందు ఎంతవరకు వచ్చినవను ప్రశ్న వేరు. పల్లెలో చెరువు ఎండినచో నాటువేయు రైతు మొదట గుర్తించి గోలపెట్టును. 300 వార్డులలో ఒకటైన పిదప ఆ గోల ఏ జోనల్ కార్యాలయమున ఏ బల్లవద్ద వినబడునో చెప్పుట కష్టము.

పాలనాసౌలభ్యమునకు ఔటర్ రింగు రోడ్డును సరిహద్దుగా గైకొనుట ఇంజనీర్లకు సులువు. కనుచూపుమేరకు కనబడు గీత అది. కాని ఆ రహదారి జలాశయముల పరీవాహక ప్రాంతమును కత్తితో పండును కోసినట్లు కోసినది. ఖానాపూర్, వట్టినాగులపల్లి వంటివి నార్సింగి పురపాలికతోపాటు ఆ విలీనమున మహానగరములో చేరినవి. శంషాబాదు, బండ్లగూడ జాగీరు సైతము మహానగరములో చేరినవి. చిలుకూరు, హిమాయత్‌నగరములతో కూడిన మొయినాబాదు వైపు ప్రత్యేకముగా ఒక పురపాలికయైనది. శంకర్‌పల్లి వైపు మరియొక పురపాలిక, చేవెళ్ళవైపు మరియొకటి. వీటికి ఆవల ఇంకను గ్రామపంచాయతీలు కలవు. ఇండ్లకు అనుమతులిచ్చునది ఒకరు, నేలవాడుకను నిర్ణయించునది మరియొకరు, జలాశయములకు యజమాని జలమండలి, ఆక్రమణలను తొలగించు హైడ్రా వేరొకటి. నేలవాడుకను నిర్ణయించు హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్.ఎం.డి.ఏ.) వారి కార్యాలయము మా అమీర్‌పేటలోనే మైత్రీవనము ప్రక్కన స్వర్ణజయంతి భవనముననే ఎంతో కాలముగా నున్నది. 2025లో దాని పరిధిని రీజినల్ రింగు రోడ్డువరకు పెంచి 10,000 చదరపు కిలోమీటర్లు దాటించినారు. చిలుకూరు బాలాజీని దర్శించుకొని వచ్చు రైతునకు తన పొలమునందు ఏమి చేయవచ్చునో తెలియవలయునన్న, అమీర్‌పేట మెట్రో మెట్లక్రింద నిలిచి అడుగవలసివచ్చును. చేవెళ్ళ మార్గమున వందల సంఖ్యలో నున్న మఱ్ఱులను నరకకుండ రోడ్డు వెడల్పు చేయుటకు జాతీయ హరిత న్యాయస్థానమువరకు పోవలసివచ్చినది. చెట్టును కాపాడవలసినవాడు ఎవడని అడిగినచో ఎవరును ‘నేను’ అనలేదు గనుక.

ఇచ్చట రైతుపక్షమును దాటవేసి పోవుట ధర్మముగాదు. పట్నమున కుళాయి త్రిప్పువారికి 111 పవిత్రగ్రంథమువలె కనబడును. ఆ పల్లెల రైతునకది ముప్పదియేండ్లుగా మెడకు పడిన త్రాడు. గట్టుకు ఆవల కోకాపేటలో ఎకరము కోట్లు పలుకుచుండగా, గట్టుకు ఈవల అంతకే సమానమైన నేల బిడ్డ పెండ్లికి అమ్మబోయినను కొనువాడు లేడు. అదే నిషేధము నడుమ పెద్దవారి ఫామ్‌హౌసులు మాత్రము ప్రహరీలు లేపి, ఈతకొలనులు త్రవ్వుకొని నిలిచినవి. రైతు రెండు గదులు కట్టుకొనుటకు అడ్డువచ్చిన నిబంధన, కల్యాణమండపములకు అడ్డురాకపోయినది. ఆ రైతు 111ను రద్దుచేయుమనుటలో దురాశయేమున్నది? నగరము త్రాగుటకై తన పొలమును బీడుపెట్టుకొన్నవాడు ప్రతిఫలము కోరుట అన్యాయము కాదు. ఆ ఉత్తరువునకు ఎవరును పరిహారము చెల్లింపలేదు. నష్టము నంతయు 84 పల్లెలు భరించినవి, లాభము నంతయు మేము త్రాగినాము. దీనిని సరిచేయక, ‘పర్యావరణము, పర్యావరణము’ అని పట్నవాసులు చేయు ఉపన్యాసములపై ఆ పల్లెలవారు నవ్వుకొనుట నేను తప్పుపట్టను.

ఈ చిక్కు మనకొక్కరికే కలుగలేదు. ఇంగ్లండులో 1949 నాటి చట్టము ననుసరించి 1951లో ఏర్పడిన తొలి జాతీయోద్యానము పీక్ డిస్ట్రిక్టు అనేక కౌంటీలలో వ్యాపించియున్నను, అందలి నిర్మాణానుమతులను ఆయా కౌంటీలకు విడివిడిగా విడువక ఒకే మండలికి అప్పగించిరి. 1974లో ఆ దేశమున కౌంటీల సరిహద్దులు పెద్దయెత్తున తారుమారైనప్పుడు సైతము ఆ ఒకే మండలి చెక్కుచెదరలేదు. జిల్లాలు మారవచ్చును, పురపాలికలు మారవచ్చును, రక్షితక్షేత్రమునకు మాత్రము తనదైన పాలన ఉండుగాక అని వారు నిశ్చయించుకొన్నారు. న్యూయార్కు నగరమువారి మార్గము మనకు మరింత చేరువైనది. తమ త్రాగునీరు పుట్టు కాట్స్‌కిల్ కొండలు నగరసరిహద్దులకు చాలదూరము. అచ్చటి చిన్న ఊళ్ళు నగరపాలనలోనివి కావు. ఆ ఊళ్ళ నేలను కలుపుకొనుట మాని 1997లో వారితో ఒడంబడిక కుదుర్చుకొన్నారు. మరుగుదొడ్ల గుంతలను బాగుచేయుటకు, రైతులు పశువుల పేడ వాగులలో కలియకుండ చూచుకొనుటకు, ఊళ్ళలో మురుగు శుద్ధికి నగరము సొమ్మిచ్చినది. స్వచ్ఛందముగా అమ్మదలచినవారి భూమిని ధర చెల్లించి కొన్నది. దానివలన కోటానుకోట్ల డాలర్లతో వడపోత కర్మాగారమును కట్టవలసిన బాధ నగరమునకు తప్పినది. త్రాగువాడు నీరిచ్చువానికి సొమ్ము చెల్లించుట వారికి ధర్మముగను తోచినది, లాభముగను తోచినది.

తమ ప్రభుత్వమే 2025 సెప్టెంబరు 8వ తేదీన గండిపేటవద్ద ఒక శంకుస్థాపన చేసినది. 7,360 కోట్ల రూపాయల ఖర్చుతో మల్లన్నసాగరమునుండి 20 టి.ఎం.సి.ల గోదావరీజలమును తెచ్చి, అందు రెండున్నర టి.ఎం.సి.లతో ఈ రెండు జలాశయములను నింపి, మూసీనదిని పునరుజ్జీవింపజేయదలచినారు. ఘనమైన సంకల్పమే. కాని అంతదూరమునుండి కొండలెక్కించి తెచ్చిన నీటిని పోయుటకు గైకొన్న పాత్ర అంచులయందు కాలనీల మురుగు దిగుచున్నచో, ఆ వేలకోట్లు మురుగును పలుచన చేయుటకు మాత్రమే చాలును. ఒకవైపు జలాశయమును నింపుటకు నిధులు, మరియొకవైపు ఆ జలాశయపు పరీవాహక ప్రాంతమును ఏలువారెవరో తెలియనీయని సరిహద్దులు: ఈ రెండును ఒకే సచివాలయమునుండి, ఒకే సంవత్సరమున వెలువడుట నాకు ఆశ్చర్యము గొలుపుచున్నది.

కావున తమను నేను కోరునది ఇది. వార్డుల పునర్విభజన పూర్తియై ఎన్నికల ప్రకటన వెలువడుటకు ముందే, ఈ 84 గ్రామముల విషయమున తమ ప్రభుత్వాభిప్రాయమేమో శాసనసభలో స్పష్టముగా చెప్పుడు: 111 నిలుచునా, 69 నిలుచునా, రెండును కాక మూడవదియేదైనను వచ్చునా. ఏది చెప్పినను ఉత్తరువుగా గాక చట్టముగా చెప్పుడు. ఆ చట్టమునందు జలాశయముల పరీవాహక ప్రాంతపు ఎల్లను రహదారినిబట్టి గాక వాన పారు దారినిబట్టి గీయించి, ఆ ఎల్ల లోపల మహానగరపు వార్డులైనను, మొయినాబాదు పురపాలికయైనను, గ్రామపంచాయతీయైనను, నిర్మాణానుమతులకు సంబంధించినంతమట్టుకు ఒకే మండలికి లోబడునట్లు చేయుడు. ఆ మండలిలో అధికారులే కూర్చుండుట చాలదు. రాజ్యాంగమున 243-జడ్.ఇ. అధికరణము మహానగర ప్రాంతములకు ఒక ప్రణాళికా సంఘమును విధించినది. అందు కనీసము మూడింట రెండువంతుల సభ్యులను పురపాలికల సభ్యులును పంచాయతీల అధ్యక్షులును తమలోనుండియే ఎన్నుకొనవలయునని చెప్పినది. క్రొత్తగా ఎన్నికైన సర్పంచులు ఇప్పుడు ఉన్నారు. వారికి ఆ సంఘమున పీట వేయుడు.

ఇక రైతుసంగతి. రోడ్డు వెడల్పునకై స్థలము కోల్పోయినవారికి మహానగర సంస్థ ఇప్పటికే బదిలీచేయదగిన నిర్మాణహక్కు (టీడీఆర్) పత్రములు ఇచ్చుచున్నది. వాటిని కొన్నవారు పంజగుట్టలోనో అమీర్‌పేటలోనో అదనపు అంతస్తులు లేపుకొనుచున్నారు. అదే పత్రమును, పొలమును పొలముగానే నిలిపియుంచుటకు ఒడంబడు మొయినాబాదు రైతునకు ఎందుకీయరాదు? మా పేటలో మరియొక అంతస్తు లేచునపుడు దాని మూల్యములో కొంత గండిపేట గట్టునకు పోవుట మాకు బరువు కాదు. అది చాలకపోయినచో జలమండలి బిల్లులో ఒక చిన్న సెస్సు వేయుడు. ఎందుకని వేసినారో ఆ బిల్లుమీదనే తెలుగులోను ఉర్దూలోను అచ్చువేయుడు. ఎన్నికలవేళ సెస్సులు వేయుట రాజకీయములకు మంచిది కాదని తమ సలహాదారులు చెప్పుదురు. మినరల్ వాటరు క్యానునకు మా వీథిలో ప్రతి ఇల్లును చెల్లించుచున్న సొమ్ముతో పోల్చి చూడుమని వారికి చెప్పుడు. ఫామ్‌హౌసుల విషయమున మాత్రము టీడీఆర్ అక్కరలేదు. అనుమతిలేని కట్టడములకు రైతు కట్టడమునకు చూపిన కాఠిన్యమునే చూపినచో చాలును.

మరియొక మాట. మహానగరమున ఇప్పటికే లీనమైన పరీవాహక గ్రామములయందు, పేరున కాకున్నను, గ్రామసభవంటి దొకటి నిలుపుటకు వీలున్నది. అందుకు ఆధారము కాదగిన, రాజ్యాంగపు 243-ఎస్. అధికరణము చెప్పు వార్డు సంఘములు ఈ నగరమున కాగితములయందు తప్ప చురుకుగా నడచిన జాడ లేదు. వట్టినాగులపల్లి చెరువు సంగతి వట్టినాగులపల్లివారు నెలకొకసారి కూర్చుండి మాటలాడుకొను ఏర్పాటు, ఆ మాటలను వార్డు కార్పొరేటరు విని మండలికి వ్రాయవలసిన నిర్బంధము, ఇవి రెండు ఉన్నచో ఊరు పోయినదను దుఃఖము కొంత తగ్గును. మా అమీర్‌పేటకు అట్టి సభ ఎన్నడును లేకపోయినది. మా వాగులకు ఏమైనదో పైన మనవి చేసియేయున్నాను.

వార్డుల ముసాయిదాపై వచ్చిన అభ్యంతరములకు ప్రభుత్వము సమాధానము లిచ్చునపుడు, ఈ లేఖకును ఒక సమాధానము వ్రాయింపుడని కోరుచున్నాను. ముఖ్యముగా, ఔటర్ రింగు రోడ్డును సరిహద్దుగా నిర్ణయించునప్పుడు ఉస్మాన్‌సాగర, హిమాయత్‌సాగరముల పరీవాహక పటమును ఎవరైనను బల్లపై పరచి చూచినారా, చూచినచో ఆ పటమును, దానిపై గీచిన గీతలను, అందుకు సంబంధించిన కార్యాలయపు టిప్పణిని ప్రజలకు ప్రకటింప గోరుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
అమీర్‌పేట పౌరుడొకడు
హైదరాబాదు, 2025 డిసెంబరు